ముగ్గురి ఎత్తు బంగారం

మేడారం జాతర నెల వచ్చిందంటే సారంగపాణి తన బెల్లం దుకాణం ముందు పెద్ద కాంటా వేలాడదీస్తాడు. ఎనుమాముల మార్కెట్ గేటు బయట ఆ దుకాణం. సమ్మక్క తల్లికి మొక్కున్నవాళ్లు వచ్చి ఒక పళ్లెంలో కూర్చుంటారు, రెండో పళ్లెంలో బెల్లం ముద్దలు పేరుస్తారు. తల్లి పేరు చెప్పి తూచాక దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మనిషి ఎత్తు బంగారం మొక్కుకోవడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. కానీ ముగ్గురు మొగవాళ్లు, అదీ ఒక్కొక్కడు క్వింటాలుకు తగ్గనివాడు, ఒకరి మీద ఒకరు చేతులు వేసుకుని ఒకేసారి కాంటా ఎక్కుతామన్న మొక్కు సారంగపాణి తన జన్మలో ఒక్కసారే విన్నాడు. మొక్కినవాడు హమాలీ సారయ్య.

అంతమంది మామూలు పళ్లెంలో పట్టరని సారంగపాణి పోయిన జాతరకే వడ్రంగి చేత ముగ్గురు పట్టే టేకు చెక్క కోయించాడు. ఆ ముగ్గురూ రాలేదు. జాతర రెండేళ్లకోసారి కదా, చెక్క ఈ రెండేళ్లూ దుకాణం గోడకు ఆనుకుని దుమ్ము తాగింది. ఇప్పుడు మళ్లీ దాన్ని తుడిచి బయట పెట్టాడు.

"ఏం సారయ్యా, ఈసారన్న ఎక్కుతరా? లేకుంటే మల్ల రెండేండ్లు నా గోడకే ఆనిచ్చుడా?" అని అడిగాడు.

"అస్తరు సేటూ. ఈసారి తప్పకుంట అస్తరు," అన్నాడు సారయ్య. అనేసి, ఎవరో పిలిచినట్టు మార్కెట్ గేటు లోపలికి వెళ్లిపోయాడు. ఎవరూ పిలవలేదు.

ఆ ముగ్గురూ ఎవరు, చేతులు వేసుకోవడమేమిటి అంటే ముందు ఒక సంగతి చెప్పాలి. ఓరుగల్లుకు ఒక రగ్బీ జట్టు ఉండేది. నవ్వకండి. జీతాలిచ్చి ఆడించిన జట్టు. పదిహేను మంది ఆడే అసలు రగ్బీ.

హైదరాబాద్‌లో డబ్బున్న ఒక పెద్దమనిషికి ప్రాంతానికో జట్టు పెట్టి లీగ్ నడపాలని బుద్ధి పుట్టింది. మ్యాపు ముందేసుకుని చూస్తే ఓరుగల్లు దగ్గర ఖాళీ కనబడిందట, అక్కడొకటి పెట్టేశారు. పేరు ఓరుగల్లు గజదళం. జెర్సీ మిరపపండు రంగు. ఆట తెలిసినవాడు ఊరు మొత్తానికి ఒక్కడే, కోచ్ రమాకాంత్ సార్. మిలటరీలో ఆడి వచ్చిన మనిషి. ఆటగాళ్లను ఎక్కడి నుంచి తేవాలి? కబడ్డీ ఆడేవాళ్లను పట్టాడు, పోలీసు సెలక్షన్ల కోసం పొద్దున్నే ఉరికేవాళ్లను పట్టాడు. చివరికి ఎనుమాముల మార్కెట్‌కు వచ్చి, మిర్చి కొనకుండా అమ్మకుండా, బస్తాలు మోసేవాళ్ల మెడలు చూస్తూ కూర్చున్నాడు. హమాలీలు ఇతనెవరో లేబర్ ఆఫీసర్ అనుకుని రెండ్రోజులు బీడీలు కూడా కాల్చలేదు.

మూడో రోజు సారయ్య వీపు మీది బస్తా మెట్ల దగ్గర జారింది. హమాలీకి బస్తా జారితే చెయ్యి విడవదు, ఇంకా బిగుస్తుంది. విడిస్తే బస్తా పగులుతుంది, మిర్చి మట్టిపాలవుతుంది, ముఠా మేస్త్రీ తిట్లు యార్డు అవతలికి వినబడతాయి. మీసాలు రాకముందు నుంచి ఆ చేతులు నేర్చిన చదువు అదొక్కటే. సారయ్య మోకాళ్ల మీద కూలాడు, మోచేతులు చెక్కుకుపోయాయి, బస్తా మాత్రం వీపు మీదే ఉంది. రమాకాంత్ సార్ లేచి వచ్చి ఆ వేళ్లను పట్టుకుని చూసి, "ఈ చేతులు నాకు గావాలె," అన్నాడు.

అట్లా సారయ్య హుకర్ అయ్యాడు. రగ్బీలో స్క్రమ్ అని ఒకటుంది. ఇటు ఎనిమిది మంది, అటు ఎనిమిది మంది తలలు దించి, భుజాలకు భుజాలు ఆనించి నెట్టుకుంటారు, మధ్యలో బంతి పడుతుంది. ముందు వరుసలో ముగ్గురు. నడిమివాడే హుకర్. వాడు రెండు చేతులూ చాపి అటువాడి మీదా ఇటువాడి మీదా వేసి, వాళ్ల జెర్సీలు గుప్పిట పట్టి వేలాడాలి. ఆ వేలాడుతూనే కాలితో బంతిని వెనక్కి లాగాలి. పక్కవాళ్లు నిలబడితే వాడు నిలబడ్డట్టు, కూలితే కూలినట్టు. సారయ్యకు ఎడమ పక్కన ఇర్షాద్, లారీ బాడీలు కట్టే బాబా మియా కొడుకు. కుడి పక్కన వెంకట్రాజం, రఘునాథపల్లి రైతు బిడ్డ, పోలీసు కావాలని ఉరుకుతూ ఇటు వచ్చి పడ్డవాడు. ఇద్దరూ సారయ్య కంటే చిన్నవాళ్లు. సారన్నా, సారన్నా అని తిరిగేవాళ్లు.

ఒక ముచ్చట సారయ్య ఎవరికీ చెప్పుకోలేదు గానీ నేను చెబుతాను. తల్లీ తండ్రీ పోయి చాలా ఏళ్లయిన మనిషి. మార్కెట్ వెనక ఒక గది, అందులో ఒక స్టవ్వు. బస్తా తప్ప ఇంకేదీ అతని ఒంటిని తాకిన రోజులు లేవు. అలాంటివాడికి రోజూ పొద్దునా సాయంత్రం రెండు పక్కలా ఇద్దరు మనుషులు దొరికారు. వాళ్ల చెమట, వాళ్ల ఊపిరి, చెవి పక్కనే వాళ్ల నవ్వు. పెళ్లి చేసుకోమని మేస్త్రీ సంబంధం తెస్తే సీజన్ అయిపోనీ అన్నాడు. జట్టు నడిచిన మూడు సీజన్లూ అదే మాట అన్నాడు. అతనికి ఇంకేం లోటు కనబడలేదు.

మొదటి సీజన్ భలే నడిచింది. జనం కబడ్డీ అనుకుని వచ్చి, బంతి కోడిగుడ్డులా ఉందేందిరా అని నవ్వి, ముందుకు ఉరుకుతూ బంతిని వెనక్కే ఇవ్వాలన్న రూలు విని ఇంకా నవ్వి, చివరికి గొంతులు పోయేదాకా అరిచి వెళ్లారు. స్క్రమ్ మాత్రం వాళ్లకు వెంటనే అర్థమైంది. నెట్టుడు ఎవరికి అర్థం కాదు?

రెండో సీజన్‌కు యజమానికి ఖర్చు ఎక్కువ కనబడింది. కరీంనగర్ జట్టును తెచ్చి గజదళంలో కలిపేశాడు. నిన్నటిదాకా ఒకరినొకరు మట్టి కరిపించినవాళ్లు ఒకే బస్సులో, అటు సీట్లో వాళ్లు, ఇటు సీట్లో వీళ్లు. జెర్సీ సగం ఎరుపు, సగం నీలం. పేరులో ఓరుగల్లు ముందుందని కరీంనగర్ జనం మ్యాచ్‌లకు రాలేదు. జెర్సీలో ఎరుపు సగమైందని ఓరుగల్లు జనం రాలేదు. ఇద్దరినీ కలిపి ఇద్దరినీ పోగొట్టుకున్నారు, ఆ తెలివికి దండం పెట్టాలి. మూడో సీజన్‌లో సొంతూరి మ్యాచ్‌లన్నీ హైదరాబాద్‌కు పోయాయి. ఓరుగల్లుకు ఒక్కటంటే ఒక్కటి మిగిలింది.

ఆ ఒక్క మ్యాచ్‌లోనే వెంకట్రాజం మెడ విరిగింది.

వర్షం పడి నేల బురదగా ఉంది. రెండో సగంలో స్క్రమ్ ఒక పక్కకు ఒరిగింది. రమాకాంత్ సార్ మొదటి రోజు నుంచీ నేర్పిన పాఠం ఒకటుంది. ఎవడైనా ‘మెడ’ అని అరిచాడంటే ఆ క్షణమే నెట్టుడు ఆపాలి, పట్టిన చేతులు వదులు చేయాలి. ప్రాక్టీసులో వందసార్లు చేశారు. ఆ రోజు వెంకట్రాజం అరిచాడు. అందరూ కూలిపోయారు. డాక్టరు పరుగెత్తుకొచ్చేసరికి సారయ్య కుడిచెయ్యి వెంకట్రాజం జెర్సీని ఇంకా గుప్పిట పట్టే ఉంది. రిఫరీ వచ్చి వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

ఈ వేళ్లు విప్పిన సంగతి సారయ్య తర్వాత మార్కెట్‌లో చాలాసార్లు చెప్పాడు. చాయ్ తాగుతూ, చెయ్యి చాపి చూపిస్తూ, నేనైతే నా తమ్ముణ్ణి విడవలేదు అని చెప్పేవాడు. వినేవాళ్లు మెచ్చుకునేవాళ్లు.

దవాఖాన వరండాలో ఆ రాత్రి సారయ్య మేడారం దిక్కు తిరిగి మొక్కాడు. తల్లీ, వీడు లేచి నడిస్తే ముగ్గురం ఎట్ల పట్టుకుని ఆడినమో అట్లనే పట్టుకుని కాంటా ఎక్కుతం, ముగ్గురి ఎత్తు బంగారం తెస్తం అని. పక్కనే ఉన్న ఇర్షాద్ నేను గూడ అన్నా అన్నాడు. తల్లి విన్నది. వెంకట్రాజం నెలల తరబడి మెడకు పట్టా వేసుకుని పడుకుని, చివరికి లేచి నడిచాడు.

అతను లేచేసరికి జట్టు లేదు. ఓరుగల్లు పేరు తీసేసి, పనికొచ్చిన కొందరిని హైదరాబాద్ జట్టులో కలుపుకున్నారు. ఇర్షాద్‌ను తీసుకున్నారు. సారయ్యకు వయసైందన్నారు. ఇప్పుడు ఆ హైదరాబాద్ జట్టు చరిత్ర ఫోన్లో చదివితే, అది మొదలైందే ఆ కలిపిన ఏడాది నుంచి. గజదళం మాటే లేదు. మూడేళ్లు ఎముకలు అరగదీసుకున్న మనుషులను అంత సులభంగా తుడిచేయొచ్చని సారయ్యకు అప్పటిదాకా తెలియదు. ఒకసారి యార్డులో ఎవరో వాళ్ల మ్యాచ్ వీడియో చూపించారు. ఇర్షాద్ భుజం మీద ఇంకెవడో కుర్ర హుకర్ చెయ్యి. సారయ్య ఫోన్ తిరిగి ఇచ్చేసి ఆ రోజు అన్నం తినలేదు.

మళ్లీ బస్తాలు, మళ్లీ గది. రాత్రి పడుకుంటే చేతులు రెండూ తమంతట తామే చాపుకుంటాయి. ఒక చెయ్యి గోడకు తగులుతుంది, ఒకటి మంచం అంచు మీది నుంచి జారుతుంది. అందుకే ఆ మొక్కు అతనికి ప్రాణంతో సమానమైంది. తల్లి బాకీ ఒక పక్క. ఇంకో పక్క, అబద్ధమెందుకు, ఒక్కసారి, ఒక్క పూట, రెండు పక్కలా ఆ ఇద్దరూ ఉండాలి. జట్టు ఉండేదని ఆ కాంటా ముందు నిలబడ్డ నలుగురైనా చూడాలి.

పోయిన జాతరకు వెంకట్రాజం మెడ ఇంకా బాగాలేదన్నాడు, ఇర్షాద్ క్యాంపులో ఉన్నానన్నాడు. సరే అనుకున్నాడు సారయ్య. ఈసారి నెల ముందే ఇర్షాద్‌కు ఫోన్ చేశాడు. ఇర్షాద్ వాళ్లమ్మ సుల్తానా బేగం సలాం చెప్పిందన్నాడు, తాను చిన్నప్పటి నుంచీ జాతరకు పోయే మనిషినే కదా అన్నాడు, మళ్లీ క్యాంపు ఉందన్నాడు, మాట అటు తిప్పాడు ఇటు తిప్పాడు. చివరికి మెల్లగా అన్నాడు.

"అన్నా, నువ్వు ఒకపారి వెంకటన్న దగ్గరికి పొయిరా. ఫోన్ల గాదు. పోయి కూసొని మాట్లాడు. ఆయన ఎక్కుతనంటే నేను క్యాంపు ఇడిసిపెట్టయినా అస్త."

సారయ్యకు అందులో ఏ తిరకాసూ కనబడలేదు. ఆదివారం మార్కెట్ బంద్. తలకు నూనె రాసుకుని, ఇస్త్రీ అంగీ వేసుకుని, వెంకట్రాజం పిల్లలకని మిక్చర్ పొట్లం కట్టించుకుని బస్సెక్కాడు. ఒప్పించడానికి పోతున్నానని కూడా అనుకోలేదు. తీసుకురావడానికి పోతున్నాననుకున్నాడు.

రఘునాథపల్లిలో హైవే పక్కనే వెంకట్రాజం చాయ్ హోటల్. చాయ్ పెట్టేది భార్య పద్మలత. వెంకట్రాజం గల్లా దగ్గర కూర్చుంటాడు. పక్కకు చూడాలంటే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. సారయ్య బస్సు దిగేసరికి అతను అటు తిరిగి ఎవరికో చిల్లర ఇస్తున్నాడు. సారయ్యకు సంతోషం ఆగలేదు. వెనక నుంచి వెళ్లి, ఎన్నిసార్లు వేసిన చెయ్యో కదా, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

వెంకట్రాజం నిప్పు తగిలినట్టు కిందికి వంగిపోయాడు. గల్లా మీది చాయ్ గ్లాసు పడి పగిలింది. రెండు చేతులతో మెడ కప్పుకుని, ఊపిరి ఎగబీలుస్తూ, ఎవరో చూసి, "అన్నా, నువ్వా," అన్నాడు. నవ్వడానికి చూశాడు గానీ నవ్వు రాలేదు. పద్మలత గాజు ముక్కలు ఊడుస్తూ, వెనక నుంచి ఎవరు ముట్టినా ఇంతే అన్నా, నేను ముట్టినా ఇంతే అన్నది.

ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నాడు వెంకట్రాజం. సారయ్య చెక్క సంగతి చెప్పాడు, సారంగపాణి ఎన్నిసార్లు అడిగాడో చెప్పాడు, మేడారానికి ఏ బస్సుకు పోతే బాగుంటుందో కూడా చెప్పాడు. వెంకట్రాజం రోడ్డు మీది లారీలు చూస్తూ విన్నాడు.

"అన్నా, నేను కాంటా ఎక్క," అన్నాడు చివరికి.

"మెడ నొస్తాందా? మెల్లగ ఎక్కుదాం తీ. నేను పట్టుకుంట గద."

"గదే వద్దంటున్న." వెంకట్రాజం మనిషి మొత్తం ఇటు తిరిగాడు. "ఆ రోజు నేను మెడ అని ఒర్లిన. ఇర్షాద్ చెయ్యి ఇడిసిండు. ఎనక నెట్టేటోళ్లు ఇడిసిండ్రు. సార్ నాకు వీడియో చూపిచ్చిండు. నువ్వొక్కనివే ఇడువలేదు."

"నువ్వు పడిపోతవని పట్టుకున్న తమ్మీ."

"నాకెరుక. పడిపోతే బాగుండన్నా. అందరి లెక్క బురదల పడి, లేసి దులుపుకుందును. నేను కిందికి పోతాంటే నువ్వు నన్ను మీదికి గుంజినవ్. మెడ నడుమ చిక్కింది." అతని గొంతులో కోపం లేదు, అదే వినలేనట్టుంది. "నువ్వు కావాలని చెయ్యలె. నిన్ను ఒక్క మాట అన్లేదు, అనను గూడ. దవాఖాన్ల నువ్వు మొక్కినప్పుడు నాకు సోయి ఉండె, లోపట్నుంచి ఇన్న. నేను లేస్తే మల్ల పట్టుకుంటనని మొక్కినవ్. లేసిన కాంచి అదే భయం నాకు. ఇగనన్న ఇడువు సారన్నా."

సారయ్య తన చేతుల వైపు చూసుకున్నాడు. ‘మెడ’ అన్న కేక అతను విననిది కాదు. స్పష్టంగా విన్నాడు. వందసార్లు వదిలిన చేతులు ఆ ఒక్కసారి, కాళ్ల కింద నేల జారగానే, సార్ చెప్పింది మరిచి మార్కెట్ నేర్పింది చేశాయి. బస్తా జారుతోందని బిగుసుకున్నాయి. మనిషి బస్తా కాదని వాటికి తట్టలేదు. ఇన్నేళ్లుగా చాయ్ దగ్గర ఆ చెయ్యి చాపి చూపించింది గుర్తొచ్చి సారయ్యకు ఒళ్లంతా సిగ్గేసింది. ఏడ్చాడు. చెట్టంత మనిషి, రోడ్డు పక్కన, మిక్చర్ పొట్లం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాడు. వెంకట్రాజం కూడా ఏడ్చాడు గానీ ఇద్దరి మధ్య జాగా అట్లాగే ఉంది.

పద్మలత అన్నం తిని పొమ్మంది. ఉండలేకపోయాడు. బస్సు దాకా వెంకట్రాజం వచ్చాడు, ఒక బారెడు దూరంలో నడుస్తూ. బస్సు కదిలాక చెయ్యి ఊపాడు.

ఆ తర్వాత ఇర్షాద్ ఫోన్ చేస్తే సారయ్య క్యాంపుకే పొమ్మన్నాడు, మంచిగ ఆడుమన్నాడు. నేను ఇడువలేదని నీకు ముందే ఎరుకనా అని అడగలేదు. ఎరుకే అని ఇర్షాద్ గొంతులోనే తెలుస్తోంది.

జనం మేడారం దారి పట్టిన రోజుల్లో, ఒక పొద్దున సారయ్య స్నానం చేసి పసుపు బొట్టు పెట్టుకుని సారంగపాణి దుకాణానికి వచ్చాడు. సారంగపాణి అతని వెనక చూశాడు, రోడ్డు అటూ ఇటూ చూశాడు. ఏమీ అడగకుండా చెక్క ఎత్తబోయాడు. మంచివాడే పాపం.

"చెక్క వద్దు సేటూ. చిన్న పళ్లెం చాలు."

"ముగ్గురని మొక్కినవ్ గదనే. తల్లి తోటి ఆటలా?"

"మొక్కింది నేను. ఆ ఇద్దర్ని ఇడిసిపెట్టమని తల్లికి నేనే చెప్పుకుంట. తప్పయితే నా మీదనే ఏసుకుంట."

సారంగపాణి కాంటాకు చిన్న పళ్లెం తగిలించాడు. సారయ్య పళ్లెంలో కూర్చున్నాడు. బరువు పడగానే అది కాస్త ఊగింది. ఊగిందో లేదో అతని చేతులు రెండు పక్కలా ఉన్న గొలుసులను గట్టిగా పట్టేశాయి. అవతల బెల్లం ముద్దలు ఒక్కొక్కటే పడుతున్నాయి. చుట్టూ ఆడవాళ్లు తల్లి పేరు తలుస్తున్నారు. ఎవరి పిల్లో అతణ్ణి చూసి ఎంత పెద్దగున్నడే అంది. ముద్ద మీద ముద్ద పడి, కాంటా సరిసమానమై నిలిచింది.

"అయింది. ఇగ ఇడువు సారయ్యా," అన్నాడు సారంగపాణి.

సారయ్య చేతుల వైపు చూశాడు. వేళ్లు తెల్లబడి ఉన్నాయి. ఈసారి విప్పడానికి ఎవరూ రాలేదు. తానే ఎడమచెయ్యి విప్పాడు. ఆ తర్వాత కుడిచెయ్యి. అది కాస్త ఆలస్యమైంది. దిగి నేల మీద నిలబడ్డాడు, రెండు పక్కలా ఖాళీ.

బంగారాన్ని గోనెసంచిలో వేసి మూతి కట్టారు. తన బరువంత సంచి. ఆ చెక్క ఏం చెయ్యాలని సారంగపాణి అడిగితే, ముద్దలు పేర్చుకో సేటూ, చెమ్మ తగలదు అన్నాడు. సంచి ముందు వంగి వీపు పెట్టాడు. ఎంత మొనగాడైనా హమాలీ బస్తా తనంతట తాను వీపు మీదికి ఎత్తుకోలేడు, వెనక నుంచి ఒకడు లేపాలి. మార్కెట్‌లో ఆ లేపేవాడు ఎప్పుడూ ఉంటాడు, అడగాల్సిన పనే ఉండదు. వంగిన సారయ్య కాసేపు అట్లాగే ఉన్నాడు. ఎవరూ లేపలేదు.

"సేటూ," అన్నాడు తల దించుకునే, "జర చెయ్యి ఎయ్యి. ఒక్కన్ని ఎత్తుకోలేను."

సారంగపాణి వచ్చి సంచి లేపాడు. సారయ్య దాన్ని వీపు మీద సర్దుకుని, మేడారం బస్సుల వైపు నడిచాడు.